రుచి చూడటం తినడం కాదు

ఫిబ్రవరి 3

ఏమే బిస్కెట్టూ, ఎలా ఉన్నావు? ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, పడతాను. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే ఇంతదాకా వచ్చింది.

ఇంకో మాట ముందే చెప్పేస్తున్నా. ఇది నీకు పంపేది కాదు. ఆసుపత్రిలో తిండి సంగతులు చెప్పే అమ్మాయి ఒకతె ఉంది. రోజూ ఏం తింటున్నానో, ఒంట్లో ఎలా ఉందో ఫోన్లో రాసుకోమంది. కూర్చున్నాను. ఒక్క మాట రాలేదు. ఎదురుగా మనిషి ఉంటేనే కదా నాకు నోరు పెగిలేది, గోడతో మాట్లాడమంటే ఎలా? అందుకని నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నువ్వు మాత్రం చదవకూడదు. నువ్వు బిస్కెట్ల కొట్టు పెట్టినప్పటి నుంచీ నా నాలుకని నమ్మి, నేను రుచి చూసి అమ్మే వెన్న తెచ్చింది తెచ్చినట్టే నీ పిండిలో కలిపేదానివి. నీకివన్నీ తెలిస్తే ఇంకో కొట్టు చూసుకుంటావు. నేనైనా అదే చేస్తాను.

సంగతేంటంటే, రక్తం రిపోర్టు వచ్చింది. షుగరు మూడు నెలల సగటు 7.6. అది పాత చుట్టమే. కొత్తగా దిగింది కొలెస్ట్రాల్. అందులో చెడ్డ రకం ఉంటుందట, ఎల్‌డీఎల్ అంటారు, అది 168. డాక్టరు చూసి కళ్ళజోడు తీశాడు. ఆయన కళ్ళజోడు తీశాడంటే మన పని అయినట్టే.

"రోజుకి ఒక మాత్ర మొదలుపెడదామమ్మా" అన్నాడు.

"వద్దండీ."

"ఎందుకు వద్దు?"

చెప్పాను. రెండేళ్ళ కింద షుగరు మాత్ర మొదలుపెట్టినప్పుడు ఒక నెల పాటు నోట్లో ఇనప ముక్క పెట్టుకున్నట్టు ఉండేది. ఆ నెల్లోనే కనరెక్కి పాడైన వెన్న లోడు బావుందని దించుకున్నాను. వెన్న మొత్తం సబ్బులు చేసేవాడికి పోయింది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే డాక్టరు గారూ, అలా అయింది నా బతుకు" అన్నాను.

"అది షుగరు మాత్ర గుణం. కొన్నాళ్ళకి పోయింది కదా. ఈ మాత్రకి సాధారణంగా అలాంటిది ఉండదు."

"సాధారణంగా అంటే?"

నిజాయితీ ఉన్న మనిషి, అదే వచ్చిన చిక్కు. "ఎవరికీ రాదని రాసివ్వలేను" అన్నాడు.

అంతే, నేను బిగుసుకుపోయాను. అప్పుడంటే మా అత్తయ్య నాలుక ఉంది. ఆ నెల నీ డబ్బాలన్నీ ఆవిడే చూసి పంపింది. ఇప్పుడు ఆవిడ పప్పులో రెండుసార్లు ఉప్పేసుకుని కూడా చప్పగా ఉందంటోంది. మా ఆయన సంగతి నీకు తెలుసు, సబ్బు ముక్క ఇచ్చి వెన్నంటే నమ్ముతాడు. కొట్టుకి మిగిలింది నా నాలుకే.

"మూడు నెలలు టైమివ్వండి. తిండితో, నడకతో తగ్గిస్తాను. తగ్గకపోతే మీరేమిస్తే అది మింగుతాను" అన్నాను.

"మీకు షుగరుందమ్మా. షుగరున్న వాళ్ళకి రక్తనాళాల గోడలు ముందే గీసుకుపోయి ఉంటాయి. ఈ కొవ్వు పోయి పోయి అక్కడే అంటుకుంటుంది. షుగరు లేని మనిషికి 168 వేరు, మీకు 168 వేరు. మీ నాన్నగారు ఎన్నేళ్ళకి పోయారన్నారు?"

ఆయన కాగితంలో ఉంది. యాభై నాలుగు. నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం మీద కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. నాకు ఈ వేసవిలో యాభై మూడు నిండుతాయి.

చివరికి డాక్టరు ఒప్పుకున్నాడు. ముందు వందలోపుకి రావాలి. ఛాతీలో బరువు, దవడ లాగడం, ఊరికే చెమటలు, ఏదొచ్చినా ఆ పూటే రావాలి. ఇవీ షరతులు.

తగ్గిస్తాను. ఇంతమంది డెయిరీ వాళ్ళతో బేరమాడి నెగ్గుకొచ్చిన దాన్ని, ఒక అంకెతో నెగ్గలేనా.


ఫిబ్రవరి 4

తిండి సంగతులు చెప్పే అమ్మాయికి పళ్ళెం పిల్ల అని పేరు పెట్టాను. ఏం అడిగినా ఒక పళ్ళెం బొమ్మ గీస్తుంది. సగం కూరగాయలు, పావు వంతు పప్పు గింజలో చేపో, మిగతా పావే అన్నమో రొట్టో. నన్ను ఆంటీ అంటుంది. నాకంటే సన్నగా ఉంటుంది, నాకంటే గట్టిగా మాట్లాడుతుంది.

ఆ పిల్ల చెప్పింది విని ఆశ్చర్యపోయాను. ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్లో ఎక్కువ భాగం మన కాలేయమే చేస్తుందట. గడ్డకట్టే కొవ్వులు, అంటే వెన్న, మీగడ, మాంసం మీద తెల్లగా ఉండేది, అవి తింటే కాలేయం రక్తంలోంచి చెడ్డ కొవ్వుని వెనక్కి లాక్కోవడం మానేస్తుంది. అందుకని అది రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. ఓట్సు, బార్లీ, చిక్కుడు గింజలు, ఆపిల్ పండు, వీటిలో జిగురులాంటి పీచు ఉంటుంది. అది పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. మళ్ళీ పైత్యరసం చెయ్యడానికి కాలేయం రక్తంలో కొలెస్ట్రాల్ వాడుకోవాలి. అలా తగ్గుతుంది. నాకు భలే నచ్చింది. సరుకు బయటికి పోతేనే గోడౌను ఖాళీ అవుతుంది, మన వ్యాపారమే.

"పళ్ళు తినండి, రసం తాగకండి ఆంటీ. రసం తాగితే కొవ్వు సంగతేమో గానీ షుగరు ఎగురుతుంది. వంటకి ద్రవంగా ఉండే నూనె, అదీ కొంచెమే. గుప్పెడు బాదమో అక్రోటో. రోజూ నడక. ఇంట్లో వెన్న వాడతారా?"

"మా ఇంట్లో వెన్న గడప దాటి రాదమ్మాయ్. వెన్న అమ్మేవాళ్ళు వెన్న తినరు."

అది నిజం. ఇంటికి ఒక్క చెంచా తీసుకురాను. ఆ పిల్ల కూడా మెచ్చుకుని రాసుకుంది.


ఫిబ్రవరి 9

పొద్దున ఓట్సు. మధ్యాహ్నం బార్లీ, చిక్కుడు గింజలు, బోలెడు ఆకుకూర. సాయంత్రం ఆపిల్. భోజనం తర్వాత చేపల మార్కెట్ దాకా నడిచొచ్చాను. ఇవాళ చుక్క కొవ్వు లోపలికి పోలేదు.

మూడు డెయిరీల లోడ్లు ఒకే రోజు దిగాయి. అన్నీ చూసి దింపించేసరికి నడుం పోయింది. రెండు డబ్బాలు వెనక్కి పంపాను. డెయిరీ డ్రైవరు గొణిగాడు. "అక్కా, నీ నాలుకలో మిషనుందా ఏంది" అన్నాడు. ఉందన్నాను.


ఫిబ్రవరి 17

అత్తయ్యకి ఎనభై ఒకటి. నా పళ్ళెం వైపు చూసి పొద్దున్నే మొదలుపెట్టింది.

"ఏంటే అది, గోడకి పూసే సున్నంలా ఉంది."

"ఓట్సు అత్తయ్యా."

"గుర్రాలు తినేవి కదూ."

"గుర్రానికి గుండెజబ్బు రాదంటత్తయ్యా."

"దానికి మొగుడూ ఉండడు, కొట్టూ ఉండదు. ఎందుకొస్తుంది?" అంది. నాకు నవ్వొచ్చి ఓట్సు ముక్కులోకి పోయింది. తర్వాత మెల్లగా అంది, "జన్మంతా వెన్న చప్పరించాను, నాకు రాని కొవ్వు నీకెందుకొచ్చిందే. దిష్టి."

ఎవరి ఒళ్ళు వాళ్ళది అని డాక్టరు అన్నాడు. పుట్టుకతో వచ్చేది కొంత ఉంటుందట. ఆవిడకి వాళ్ళ అమ్మ ఇచ్చింది మంచి రక్తం. నాకు మా నాన్న ఇచ్చింది ఇదీ.


మార్చి 2

నడుస్తున్నాను. నడుము దగ్గర బట్టలు వదులయ్యాయి. మా ఆయన చూసి "పెళ్ళినాటి దానిలా అవుతున్నావే" అన్నాడు. పెళ్ళినాడు నా మొహం కూడా సరిగ్గా చూడలేదు ఆయన, నడుమెప్పుడు చూశాడో.

తగ్గుతుంది. నాకు తెలుస్తోంది. ఒళ్ళు తేలిగ్గా ఉంది.


మార్చి 19

161.


మార్చి 20

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను.

సగం గడువులో ఒకసారి చూద్దామని రక్తం తీశారు. షుగరు బ్రహ్మాండం, డాక్టరే అన్నాడు. బరువు తగ్గింది. ట్రైగ్లిజరైడ్లని ఇంకో కొవ్వు ఉందట, షుగరున్న వాళ్ళకి అది ఎక్కువుంటుంది, అది సగానికి సగం పడింది. అన్నీ దిగాయి. చెడ్డది మాత్రం 168 నుంచి 161. అంతే. ఇంత గడ్డి తింటే తగ్గింది ఏడు.

పళ్ళెం పిల్ల నేను రాసినవన్నీ మళ్ళీ చదివింది. "ఎక్కడో తేడా ఉంది ఆంటీ. మీరు చెప్పిన తిండికి ఈ అంకె రాదు."

"అంటే నేను అబద్ధమాడుతున్నాననా?"

"అనలేదు."

"అన్నట్టే ఉంది."

ఇంటికి రాగానే మా ఆయన, పాపం నన్ను సంతోషపెడదామని, మూల మీది బేకరీలో చిన్న కేకు ముక్క తెచ్చాడు. షుగరు తగ్గిందని ఫోన్లో విన్నాడు, రెండోది వినలేదు. ఆ కేకు చూసి ఏడ్చాను. ఆయనకి అర్థం కాలేదు. "క్రీము లేనిదే తెచ్చాను" అంటాడు. ఆయన మీద అరిచాను. అది నా వెన్నతో చేసిన కేకే, ఆ బేకరీ వాడికి నేనే వేస్తాను. అరిచి, మళ్ళీ అన్నం పెట్టాను. ఆయన తింటున్నంత సేపూ నా వైపు చూడలేదు.

నాన్న గుండీలు గుర్తొస్తున్నాయి. పై రెండూ పెట్టుకున్నాడు. మూడోది చేతిలోనే ఉంది.


మార్చి 24

వెల్లుల్లి రెబ్బలు పరగడుపున. పక్క కొట్టు బట్టలామె చెప్పింది, వాళ్ళ అన్నయ్యకి సగమైందట. చేపల మార్కెట్ వెనక ఒకతను కొవ్వు కరిగించే పొడి అమ్ముతున్నాడు, అదీ తెచ్చాను. సీసా మీద సన్నటి ఆడమనిషి బొమ్మ తప్ప ఏముందో రాసి లేదు. నేను వ్యాపారం చేసేదాన్ని, ఏముందో రాయని సరుకు నా కొట్లోకి రానివ్వను. నా కడుపులోకి రానిచ్చాను.


మార్చి 27

సాయంత్రం తిండి మానేశాను. తినకపోతే ఎక్కడి నుంచి వస్తుంది?


మార్చి 30

తల తిరుగుతోంది. మజ్జిగ నీళ్ళు కూడా తాగట్లేదు. లోడు వచ్చింది, చూశాను.


ఏప్రిల్ 2

కొట్లో వెన్న నిలవుంచే చల్లగది మెట్ల మీద కూలబడ్డాను. కళ్ళు చీకట్లు, గుండెల్లో దడ, చెమట. ఇదేనేమో అనుకున్నాను. ఏమనుకున్నానో చెప్పనా, నవ్వుతావు. ఈ పూట దిగాల్సిన డబ్బాలు ఎవరు చూస్తారు అనుకున్నాను.

మా ఆయన వ్యానులో వేసుకుని తీసుకెళ్ళాడు. దారంతా "మాట్లాడుతూ ఉండు, మాట్లాడుతూ ఉండు" అంటాడు. ఇన్నేళ్ళకి మొదటిసారి మాట్లాడమన్నాడు, నాకేమో నోరు రాదు.

గుండె బాగానే ఉందట. పట్టీలు అతికించి కాగితం తీశారు, రెండుసార్లు రక్తం తీశారు. తిండి లేక, ఆ పొడి వల్ల నీరసం. డాక్టరు పొడి సీసా తెప్పించుకుని చూసి నా ఎదురుగానే చెత్తబుట్టలో వేశాడు. కోప్పడలేదు. కోప్పడితే బావుండేది.

"షుగరు మాత్ర వేసుకుంటూ కడుపు మాడ్చుకుంటారా అమ్మా? మందు వద్దన్నారు, సరే అన్నాను. అంటే మందు పేరు లేని మందులన్నీ వేసుకోమని కాదు."

"ఇంకేం చెయ్యనండీ?" అన్నాను. నిజంగానే అడిగాను.


ఏప్రిల్ 6

ఇది రాయకుండా ఉంటే బావుండేది. అయినా రాస్తాను.

ఇవాళ పళ్ళెం పిల్ల కొట్టుకి వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళే దారట, ఎలా ఉన్నారో చూద్దామని. నేను లోడు దింపించుకుంటున్నాను. కూర్చోమ్మాయ్, రెండు నిమిషాలు, అన్నాను. స్టూలు వేసుకుని కూర్చుంది.

నేను నా పని చేసుకుంటున్నాను. నీకు తెలుసుగా, అత్తయ్య నేర్పినట్టే. పొడుగు గరిటె డబ్బాలో అడుగుదాకా దించి తియ్యడం, పైన ఒక వేలు, నడుమ ఒక వేలు, అడుగున ఒక వేలు. పైన బావుండి అడుగున కనరు పట్టిన డబ్బాలు ఉంటాయి, అందుకని మూడు చోట్లా చూడాలి. నాలుక మీద కరగనివ్వాలి. మింగాలి. మింగితేనే తెలుస్తుంది, కనరు నాలుక మీద దాక్కుంటుంది, గొంతు దగ్గర దొరికిపోతుంది. అత్తయ్య మాట అది. చివరి మాట గొంతే చెప్తుందే అనేది.

నాలుగో డబ్బా దగ్గర అనుకుంటా, ఆ పిల్ల లేచి, "ఆంటీ, ఒక పళ్ళెం ఉందా?" అంది. బల్ల మీద ఉంది తీసుకోమన్నాను. తర్వాత నేను గరిటెలోంచి వేలితో తీసుకున్నప్పుడల్లా, అదే గరిటెలోంచి తనూ ఒక వేలితో తీసి పళ్ళేనికి రాస్తోంది. పిల్లలాట అనుకున్నాను. డ్రైవరుతో మాట్లాడుతూ, లెక్క చెప్తూ, చూసుకుంటూ పోయాను. లోడు అయిపోయింది.

"ఇటు చూడండి" అంది.

పళ్ళెంలో ఒక ముద్ద. నిమ్మకాయంత కాదు, పెద్ద బత్తాయంత.

"ఏంటమ్మాయ్ ఇది?"

"మీ టిఫిను."

నాకు వెంటనే అర్థం కాలేదు, నిజంగా. డ్రైవరుకి అర్థమైంది, తల పక్కకి తిప్పుకున్నాడు.

"నేను రుచి చూశానంతే" అన్నాను.

"మింగారు కదా ఆంటీ."

"మింగితేనే కదా తెలిసేది."

"కాలేయానికి ఆ తేడా తెలీదు. మీరు తిన్నారో, రుచి చూశారో."

పైగా మొదటి మూడు డబ్బాలు అందులో లేవు.

వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టు, బార్లీ అంటాను, నడక అంటాను, వెల్లుల్లి అంటాను, ఏముందో తెలియని పొడి మింగుతాను. పిల్లి కూడా కళ్ళు మూసుకునే తాగుతుంది పాలు, నేను కళ్ళు తెరుచుకునే తిన్నాను. చుక్క కొవ్వు లోపలికి పోలేదని నీకు రాసిన రోజు ఎన్ని డబ్బాలు దిగాయో వెనక్కెళ్ళి చూశాను. చూసి ఫోను బోర్లా పెట్టాను.


ఏప్రిల్ 7

పక్కన గిన్నె పెట్టుకున్నాను. కరగనిచ్చి, ఊసేసి, గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలించడం. టీ రుచి చూసే వాళ్ళు అలాగే చేస్తారట, పళ్ళెం పిల్ల చెప్పింది.

అత్తయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది.

"ఊసేదానికి నోట్లో పెట్టుకోవడమెందుకే? గొంతు దాటకపోతే ఏం తెలుస్తుంది?"

"తెలుస్తుంది అత్తయ్యా."

"నీకు తెలుస్తుందా?"

తెలుస్తుందన్నాను.


ఏప్రిల్ 8

తెలియట్లేదు. నాలుక ఒకటి చెప్తోంది, గొంతు ఏమంటుందో అడగాలనిపిస్తోంది.


ఏప్రిల్ 11

అనుమానం వచ్చిన డబ్బా మాత్రం మింగాను. ఒక్కటే.


ఏప్రిల్ 12

అనుమానం వచ్చినవే.


ఏప్రిల్ 14

అన్నీ అనుమానంగానే ఉన్నాయి.

ఇలా కుదరదు. గరిటెడు వెన్న వేడినీళ్ళ గ్లాసులో వేసి, మూత పెట్టి, తీసి ఆవిరి వాసన చూశాను. కనరుంటే ముక్కులోకి సూదిలా వస్తుంది. ముందు ముక్కుతో ఏరేసి, మిగిలినవే నాలుకకి. ఊసెయ్యడమే, ఇంక మింగడం లేదు. డబ్బాకి గ్లాసు చొప్పున కొట్టంతా గ్లాసులే, టీ కొట్టనుకుని ఒకాయన లోపలికొచ్చి కూర్చున్నాడు. లోడు దించడానికి ముందు పట్టే టైముకి రెట్టింపు పడుతోంది. డ్రైవర్లు తిట్టుకుంటున్నారు. తిట్టుకోనీ.


ఏప్రిల్ 25

సాయంత్రం తిండి మళ్ళీ తింటున్నాను. పళ్ళెం పిల్ల పళ్ళెం ప్రకారమే. ఒక్క వేలు కూడా గొంతు దాటలేదు. ఈ మాట నాకు నేను చెప్పుకోవడం లేదు, మా ఆయన్ని పక్కన నిలబెట్టుకుని చేస్తున్నాను. ఆయన కాపలా.


మే 6

118.

చూడగానే డాక్టరు చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. పళ్ళెం పిల్ల గుమ్మంలోంచి బొటనవేలు చూపించింది. అందరం నవ్వాం. తర్వాత ఆయన కళ్ళజోడు తీశాడు.

"మీరు చేసింది చిన్న పని కాదు. మందు లేకుండా యాభై తగ్గించారు. చాలామంది వల్ల కాదు."

"ఇంకో మూడు నెలలిస్తే వంద దాటి కిందికి తెస్తాను."

"ఎక్కడి నుంచి తెస్తారు? తియ్యాల్సింది తీసేశారు. తిండితో దిగేది దిగింది. మిగిలింది మీ కాలేయం సొంతంగా చేసుకునేది, మీ నాన్నగారి వైపు నుంచి వచ్చింది. షుగరు, ఈ వయసు, ఆ కుటుంబం, మూడూ ఉన్న మనిషికి నేను డెబ్బై దగ్గర చూడాలనుకుంటాను. వంద అన్నది మీ మనసు నొప్పించకూడదని."

"అయితే ఈ గడ్డి తిండి మానేసి మాత్ర వేసుకుంటే చాలుగా, ఇంత కష్టం ఎందుకు పడ్డాను మరి?"

"మానకూడదు. మీరు యాభై దింపారు కాబట్టి చిన్న మాత్ర సరిపోతుంది. లేకపోతే పెద్దది ఇవ్వాల్సొచ్చేది." కాగితం నా వైపు జరిపాడు. "వేసుకోవాలో వద్దో మీ ఇష్టం. కానీ నేను మీ అన్నయ్యనైతే వేసుకోమంటాను."

మాట ఇచ్చాను కదా, ఏమిస్తే అది మింగుతానని. మాత్రలు కొనుక్కుని వచ్చాను. పొట్టి డబ్బా. కళ్ళకి ఆనవు.


మే 7

రేపు పెద్ద లోడు ఉంది. అది చూసి వేసుకుంటాను.


మే 8

వేసుకోలేదు.


మే 9

ఇవాళ కూడా. మా ఆయన అడిగాడు, "వేసుకున్నావా?" ఊఁ అన్నాను.


మే 10

గుండె ఆగితే ఒక్కసారే ఆగుతుంది. నాలుక పోతే రోజూ పోతుంది. కొట్టు తెరవాలి, డబ్బా ముందు నిలబడాలి, ఏం తెలియకుండా తెలిసినట్టు తల ఊపాలి. నాన్నకి ఆ బాధ లేదు. గుండీ పెట్టుకుంటూ పోయాడు.

ఇలా రాయకూడదు. రాశాను, ఉండనీ.


మే 12

పొద్దున లోడులో ఒక డబ్బా పక్కన పెట్టాను. ఆవిరి బాగానే ఉంది గానీ నాలుక మీద కనరు తగిలింది. వెనక్కి పంపమని మా ఆయనకి చెప్పాను, ఆయన సుద్దముక్కతో గుర్తేసి తలుపు పక్కన పెట్టాడు. చల్లగది నుంచి తెచ్చిన డబ్బాలకి చెమట పడుతుందిగా, ఆ తడికి గుర్తు చెరిగిపోయింది. మధ్యాహ్నం నీ ఆర్డరు కోసం మంచివి ఏరుతుంటే ఆయన దాన్ని కూడా తెచ్చి వరసలో పెట్టాడు. నేను చూశాను. పైన, నడుమ, అడుగున. బావుంది, ఇది బిస్కెట్టుకి, అన్నాను.

ఆయన డబ్బా తిప్పి అడుగున డెయిరీ వాళ్ళ నంబరు చూశాడు. ఇంకోసారి చూశాడు.

"ఏమండీ, ఏమైంది?"

"ఇదేనే. పొద్దున నువ్వు వద్దన్నది."

మళ్ళీ చూశాను. తెలియలేదు. ఆయన వద్దంటున్నా మింగి చూశాను. గొంతు కూడా ఏం చెప్పలేదు. పొద్దున తప్పో, మధ్యాహ్నం తప్పో, అది కూడా తెలియట్లేదు. అత్తయ్య చేతిలో ఒక వేలు వెన్న పెట్టాం. ఆవిడ చాలాసేపు చప్పరించింది. "నన్నడక్కండ్రా, నాకు అన్నీ ఒకటే" అని లోపలికెళ్ళిపోయింది. ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో నాకు తెలుసు.

మాత్ర ఒక్కటి కూడా వేసుకోలేదే నేను. ఒక్కటి కూడా. మాత్రల డబ్బాకి వేసిన సీలు సీలులాగే ఉంది. నా నాలుకని ఏ మాత్ర నుంచి కాపాడుకుందామని ఇన్నాళ్ళూ గుండెని పణం పెట్టానో, ఆ మాత్ర నా నోట్లోకి రాకుండానే నాలుక తప్పింది.

ఆసుపత్రికి ఫోను చేశాను. డాక్టరు అంతా విన్నాడు. షుగరు వల్ల కావచ్చు, వయసు వల్ల కావచ్చు, వెల్లుల్లితో, పొడితో, కడుపు మాడ్చుకోవడంతో కావచ్చు, ఒక్క రోజు పొరపాటు కూడా కావచ్చు అన్నాడు. "మీకు ఎవరైనా పరీక్ష పెట్టారా ఇంతకుముందు? ఒకే డబ్బా తెలియకుండా రెండుసార్లు ఇచ్చి చూశారా?" అన్నాడు. ఎవరు పెడతారు నాకు పరీక్ష. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తప్పానో ఎవరికి తెలుసు.

నీ ఆర్డరు ఆపాను. మా ఆయన "లోడు ఆలస్యమైందని చెప్తాలే" అన్నాడు. వద్దన్నాను.


మే 13

భోజనం అయ్యాక మాత్ర వేసుకున్నాను. మా ఆయన నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు, మింగేదాకా చూశాడు, ఇప్పుడు ఆయనకి కాపలా అలవాటైంది. ఏ రుచీ లేదు. నోట్లో ఏముందో అని చాలాసేపు చూసుకున్నాను. భయం తప్ప ఏం లేదు.

ఇంతవరకూ రాసినవేవీ నీకు పంపను. కింద ఉన్న ముక్క పంపుతున్నాను.

బిస్కెట్టూ, ఈ వారం నీకు వెన్న రాదు. లోడు ఆలస్యం కాలేదు, సరుకు కొట్లోనే ఉంది. మంచిదో కాదో నాకు తెలియట్లేదు, అందుకని పంపలేదు. నాకు కొలెస్ట్రాల్ వచ్చింది, షుగరు ఎలాగూ ఉంది, తిండితో చాలా తగ్గించాను, మిగతాదానికి నిన్నటిదాకా ఎగ్గొట్టి ఇవాళ మాత్ర మొదలుపెట్టాను. నా నాలుక ఉందో పోయిందో చెప్పగలిగే మనిషి నాకు తెలిసినంతలో నువ్వొక్కదానివే. వచ్చి నా పక్కన కూర్చో. మా ఆయన డబ్బాల వరస కలిపేసి ఇస్తాడు, ఇద్దరం విడివిడిగా చెప్దాం. మింగకు, గిన్నె పెడతాను, నీ వయసేమీ తక్కువ కాదు, నువ్వూ ఒకసారి రక్తం తీయించుకో. నేను తప్పు చెప్తుంటే మొహమాటపడి తల ఊపకు. సరుకు వేరే చోట తీసుకుంటానన్నా ఏమీ అనుకోను, అదీ ఎదురుగానే చెప్పు. మూడు రోజుల దాకా కొట్టు తెరవట్లేదు. ఎప్పుడొస్తావే?